గదుమ ఎముకను అరగదీయించాలా, కోసి జరిపించాలా? ఇద్దరు వైద్యులు రెండు రకాలుగా చెప్పారు

ప్రశ్న
పెన్నేటి గట్టు, అనంతపురం

నాకు ఇరవై ఆరేళ్ళు. అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతున్నాను. నా గదుమ మామూలు కంటే పొడవుగా, కొస కాస్త ముందుకు వచ్చినట్టుగా ఉంటుంది. ఎదురుగా చూసేవారికి అంతగా తెలియదు కానీ పక్కనుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. బోర్డు మీద రాస్తున్నంతసేపూ పిల్లలకు కనిపించేది ఆ పక్క ముఖమే. ఇది ఎవరో ఏదో అన్నందుకు పుట్టిన కోరిక కాదు, పెళ్ళి సంబంధాల కోసమూ కాదు. చాలాకాలంగా ఆలోచించి, జీతంలో దాచుకున్న డబ్బుతో చేయించుకోవాలనుకుంటున్నాను. కాబట్టి "నీకేం తక్కువమ్మా" అన్న సలహాను పక్కన పెట్టి, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదట బెంగళూరులో సౌందర్య చికిత్సలు చేసే ఒక కేంద్రానికి వెళ్ళాను. అక్కడివారు ఎక్స్‌రే ఏదీ తీయలేదు. ఫోనులో పక్కనుంచి ఫొటో తీసి, దాని మీద గీతలు గీసి, "కొసన ఉన్న ఎముకను మిషనుతో అరగదీస్తే చాలు, గంటసేపటి పని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నారు. ఆ రోజే అడ్వాన్సు కడితే తగ్గింపు ఇస్తామని కూడా అన్నారు. నేను కట్టలేదు. తర్వాత కర్నూలులో దవడల శస్త్రచికిత్స చేసే వైద్యుడిని కలిశాను. ఆయన, "అరగదీసే పని నేను చేయను. ఎముకను అడ్డంగా కోసి, మధ్యలో కొంత తీసేసి, కింది ముక్కను పైకి, వెనక్కి జరిపి ప్లేట్లతో బిగించాలి. అయితే అది కూడా ఎక్స్‌రేలు చూశాకే చెబుతాను" అన్నారు. ఎముకను కోయడమనే మాట వినగానే మా అమ్మ భయపడిపోయి, చేయించుకునేటట్టయితే ఆ చిన్న పనే చేయించుకోమంటున్నది.

ఒకే గదుమకు ఇంత తేడాగా ఎందుకు చెప్పారు? కింది పెదవికి స్పర్శ పోతుందని విన్నాను, అది ఎంతవరకు నిజం? మచ్చ బయటికి కనిపిస్తుందా? వేసవి సెలవులలో చేయించుకుంటే కళాశాల తెరిచేనాటికి పాఠం చెప్పగలనా? ప్రభుత్వ పథకం గానీ, ఆరోగ్య బీమా గానీ దీనికి వర్తిస్తాయా?

జవాబు
పాలకొండల నీడ, కడప

నేను దంతవైద్యంలో నోరు, దవడల శస్త్రచికిత్స విభాగంలో పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా మీకు ఏది సరిపోతుందో చెప్పలేను కానీ, ఆ ఇద్దరూ ఎందుకు వేరుగా చెప్పారో వివరించగలను.

రెండూ వైద్యంలో ఉన్న పద్ధతులే. అరగదీయడమంటే, కింది పెదవి లోపలి వైపు కోత పెట్టి, గదుమ ముందున్న కండరాలను ఎముక నుంచి విడదీసి, వేగంగా తిరిగే బర్రు అనే చిన్న పరికరంతో ఎముక ఉబ్బును తగ్గించడం. వినడానికి ఇదే తేలికగా ఉంటుంది. చిక్కంతా ఎముక పైన ఉన్న మాంసంతోనూ చర్మంతోనూ వస్తుంది. దిండులో దూది తీసేసినంత మాత్రాన గలీబు చిన్నది కాదు. ఎముక తగ్గిన కొలతలో కొద్ది భాగమే బయటికి కనిపిస్తుంది; మిగిలిన మాంసం గదుమ కిందికి జారి గుండ్రంగా వేలాడే అవకాశం ఉంటుంది. పైగా అక్కడ మెంటాలిస్ అనే జంట కండరాలున్నాయి. కింది పెదవిని పైకెత్తి పట్టేవి అవే. వాటిని విడదీసిన తర్వాత తిరిగి సరైన ఎత్తులో కుట్టకపోతే పెదవి కిందికి దిగి, మాట్లాడుతున్నప్పుడు కింది పళ్ళు, చిగుళ్ళు ఎక్కువగా కనబడతాయి. దీన్ని తర్వాత సరిచేయడం మొదటిసారి చేయడం కంటే కష్టం. ఎముక మీద చిన్న బొడిపె మాత్రమే ఉండి, తగ్గించవలసింది బహు స్వల్పమైతే అరగదీయడానికి నేను కూడా అభ్యంతరం చెప్పను. పొడవు తగ్గించడానికి మాత్రం అది సరైన దారి కాదు.

కర్నూలు వైద్యుడు చెప్పినదాన్ని జీనియోప్లాస్టీ అంటాము. గదుమ ఎముకను అడ్డంగా కోసి జరిపే పద్ధతిని 1942లో హోఫర్ వర్ణించాడు. నోటి లోపలి నుంచే చేసే విధానం 1957లో ట్రౌనర్, ఓబ్వెగేసర్‌ల రచనతో ప్రచారంలోకి వచ్చింది. కాబట్టి మీ అమ్మగారు భయపడుతున్నట్టు ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు. ఇందులో పొడవు తగ్గించాలంటే రెండు సమాంతరమైన కోతలు పెట్టి మధ్యనున్న పట్టీని తీసేస్తాము. గదుమ అడుగు అంచు అలాగే ఉండి, దాని వెనుక వైపు కండరాలు, వాటి ద్వారా వచ్చే రక్తప్రసారం చెడకుండా మొత్తం ముక్క పైకి జరుగుతుంది. ఎముకతోపాటు దానికి అంటుకున్న మాంసం కూడా కదులుతుంది కనుక పైకి కనిపించే ఫలితం, ముందుగా వేసుకున్న లెక్కకు దగ్గరగా ఉంటుంది. ముందుకు వచ్చినదాన్ని తగ్గించాలంటే అదే ముక్కను వెనక్కి జరుపుతాము. వెడల్పు తగ్గించాలంటే నిలువుగా మధ్య భాగం తీసి రెండు ముక్కలను దగ్గరికి చేరుస్తాము. ఈ మూడింటిలో మీకు ఏది ఎన్ని మిల్లీమీటర్లు కావాలో తేలకుండా "గంట పని" అని చెప్పినవారు ఏం చేయబోతున్నారో వారికే స్పష్టత లేదనిపిస్తున్నది. ఇది నా అభిప్రాయం.

వెనక్కి జరపడం గురించి ఒక హెచ్చరిక. ముక్కను ఎక్కువగా వెనక్కి తెస్తే గదుమ కింది మాంసం మెడ వైపు కుచ్చుపడి, లేని రెండో గదుమ కనిపించవచ్చు. మెడ, గదుమ కలిసే చోట ఇప్పటికే మాంసం ఎక్కువగా ఉన్నవారిలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫొటో మీద గీతలు గీసేటప్పుడు ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఫొటోలో గీతను జరిపితే మాంసం ఎక్కడికి పోతుందో కనిపించదు.

ఇక స్పర్శ సంగతి. కింది పెదవికి, గదుమకు స్పర్శనిచ్చే నరం దవడకు రెండు వైపులా, చిన్న దవడ పళ్ళ వేళ్ళ దగ్గర ఉన్న రంధ్రం గుండా బయటికి వస్తుంది. బయటికి రాకముందు అది ఎముక లోపల కాస్త కిందికి వంగి పైకి తిరుగుతుంది. అందుకే ఆ రంధ్రానికి కనీసం 5 మిల్లీమీటర్లు దిగువగా, కోరపళ్ళ వేళ్ళ కొసలకు కూడా తగినంత దూరంలో కోత పెడతాము. నరాన్ని తెంచకపోయినా పక్కకు లాగి పట్టుకోవడం వల్ల, వాపు వల్ల తిమ్మిరి వస్తుంది. చాలామందిలో వారాల నుంచి కొన్ని నెలలలో తగ్గుతుంది. కొద్దిమందిలో కొంత తిమ్మిరి శాశ్వతంగా మిగులుతుంది. "ఏమీ ఉండదు" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మవద్దు. పెదవి కదలికకు ఈ నరంతో సంబంధం లేదు. ఇది స్పర్శనిచ్చే నరం మాత్రమే.

కోత నోటి లోపలే కాబట్టి బయట మచ్చ ఉండదు. ప్లేట్లు, స్క్రూలు టైటానియంతో చేసినవి. ఇబ్బంది పెడితే తప్ప తీయనవసరం లేదు, వాటి వల్ల తర్వాత ఎం.ఆర్.ఐ. తీయించుకోవడానికి ఆటంకం కూడా లేదు. శస్త్రచికిత్స సాధారణంగా పూర్తి మత్తులో, ముక్కు ద్వారా గొట్టం వేసి చేస్తాము. కనుక మత్తు డాక్టరు, సరైన ఆపరేషన్ థియేటరు, రాత్రికి ఉంచుకొని చూసే ఏర్పాటు ఉన్న ఆసుపత్రి కావాలి. చేసే వ్యక్తికి నోరు, దవడల శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. గానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ ఉండాలి. బోర్డు మీద "కాస్మెటిక్ సర్జన్" అని ఉంటే, దాని వెనుక ఈ రెండింటిలో ఏ చదువు ఉన్నదో అడగడం మీ హక్కు.

ఇప్పుడు నేను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నోరు మూసినప్పుడు మీ పై ముందుపళ్ళు కింది వాటికి ముందుగా వస్తాయా, అంచులు తాకుతాయా, వెనక పడతాయా? గదుమ ఒక పక్కకు వాలి ఉన్నదా? ఇరవై ఏళ్ళు దాటిన తర్వాత కూడా దవడ పెరుగుతున్నట్టు, ఉంగరమో చెప్పులో బిగుతైనట్టు అనిపించిందా (ఎముకలు ఇంకా పెరుగుతున్నాయేమో తెలుసుకోవడానికి అడుగుతున్నాను)? నిద్రలో గురక ఉన్నదా? వీటికి జవాబులు తెలిస్తే తప్ప, సమస్య గదుమలో ఉన్నదా, మొత్తం దవడలో ఉన్నదా అన్నది తేలదు.

జవాబు
తుంగభద్ర ఇసుక, కర్నూలు

వైద్యుడిగారి మాటకు పైన చెప్పేంతటివాడిని కాను. నేను ఇదే శస్త్రచికిత్సను, పొడవు తగ్గించుకోవడం కోసం, హైదరాబాదులో చేయించుకున్నాను. ఆ తర్వాతి రోజులు ఎలా ఉంటాయో చెబుతాను.

నొప్పి నేను భయపడినంత లేదు. వాపు మాత్రం రెండో రోజుకు, మూడో రోజుకు పెరిగి, గదుమ తగ్గించుకోవడానికి వెళ్ళి పెంచుకొని వచ్చినట్టు కనిపించాను. గదుమ చుట్టూ పట్టీ వేస్తారు. ఆ దశలో అద్దం చూసి నిర్ణయాలకు రావద్దు. రెండు మూడు వారాలకు బయటి మనుషులకు తెలియనంతగా తగ్గింది కానీ అసలు ఆకారం కుదురుకోవడానికి నెలలు పట్టింది.

తిమ్మిరి గురించి పైన రాసినదంతా అక్షరాలా నిజం. మజ్జిగ తాగుతుంటే పెదవి పక్కనుంచి కారి చొక్కా తడిసేదాకా నాకు తెలిసేది కాదు. క్షవరం చేసుకునేటప్పుడు బ్లేడుతో తెగినా తెలియక, తువ్వాలు మీద నెత్తురు చూసి తెలుసుకునేవాడిని. అందువల్ల కొంతకాలం మిషనుతో ట్రిమ్ చేసుకున్నాను. వేడి కాఫీ విషయంలో మరీ జాగ్రత్త అవసరం, పెదవి కాలినా తెలియదు. స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు ఉంటుంది. ఇప్పుడు ఎడమ వైపు, గోరంత మేర ఇంకా మొద్దుగానే ఉన్నది. దానికి అలవాటు పడ్డాను.

తిండి విషయం మన సీమ ఇళ్ళలో పెద్దగా కష్టం కాదు. మొదట పలుచని రాగి జావ, పప్పు కట్టు, మజ్జిగ. తర్వాత బాగా మెత్తగా గెలికిన సంగటి, పలుచగా చేసిన చారుతో. ఉగ్గాణి మెత్తగానే ఉంటుందని తొందరపడి తిన్నాను, బొరుగు పొట్టు వెళ్ళి కుట్ల దగ్గర చేరింది. జొన్న రొట్టె, చెనిక్కాయలు, నిప్పట్లు వైద్యుడు ఒప్పుకునేదాకా మరచిపోవాలి. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించడం తప్పదు. వక్కాకు, గుట్కా, సిగరెట్టు అలవాటున్న మా బంధువు ఒకాయన నన్ను చూసి తానూ చేయించుకుంటానంటే, ముందు అవి మానేసి రమ్మని వైద్యుడు వెనక్కి పంపించారు.

సెలవుల సంగతి: వేసవి సెలవులు పాఠం చెప్పడానికి సరిపోవచ్చు. అయితే ప, బ, మ అక్షరాలు పలికేటప్పుడు పెదాలు కలిసిన భావన లేక మాట కొన్నాళ్ళు వింతగా ఉంటుంది. నాకు బ్యాంకు కౌంటరు ఉద్యోగం. ఎదుటివారికి తేడా తెలియలేదన్నారు, నాకే తెలిసేది.

జవాబు
బీమా బాబాయి, ప్రొద్దుటూరు

పథకాల గురించి మాత్రమే చెబుతాను. అందం కోసం చేసే శస్త్రచికిత్సలు ఎన్టీఆర్ వైద్య సేవలో లేవు. ప్రైవేటు ఆరోగ్య బీమాలో కూడా రూపం మార్చుకోవడానికి చేసే శస్త్రచికిత్సకు మినహాయింపు నిబంధన ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సరు తర్వాత చేసే పునర్నిర్మాణానికి, లేదా ఆరోగ్యరీత్యా తప్పనిసరి అని వైద్యుడు ధ్రువీకరించినదానికి మాత్రమే అందులో సడలింపు ఉంటుంది. గదుమ ఒక్కటే అయితే డబ్బు మీ చేతినుంచే. ఒకవేళ పళ్ళు కలవక నమలడం ఇబ్బందై దవడకే చికిత్స చేయవలసివస్తే, వైద్యుడి లేఖతో ముందుగానే కంపెనీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే చేరండి. బిల్లులో జబ్బు పేరు మార్చి రాయిస్తామనే ఆసుపత్రులకు దూరంగా ఉండండి. దాని వల్ల క్లెయిము పోవడమే కాదు, పాలసీయే రద్దు కావచ్చు. ఖర్చు అడిగేటప్పుడు సర్జను ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, ప్లేట్లు, స్కాన్‌లు, గది అద్దె విడివిడిగా రాయించుకోండి. మళ్ళీ సరిచేయవలసివస్తే ఎవరు భరిస్తారన్నది కూడా అందులోనే రాయించాలి.

ప్రశ్న వేసినవారి జవాబు
పెన్నేటి గట్టు, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. కడప డాక్టరుగారూ, మీరు అడిగినవాటికి జవాబులు ఇవి. చెప్పులు, ఉంగరాలు అన్నీ పాతవే సరిపోతున్నాయి. గదుమ పక్కకు వాలలేదు. గురక ఉన్నదని మా చెల్లెలు అంటుంది, నేను నమ్మను. పళ్ళ విషయం మాత్రం మీరు అడిగాకే అద్దం ముందు నిలబడి గమనించాను: నోరు మూస్తే పై ముందుపళ్ళ అంచులు, కింది ముందుపళ్ళ అంచులు సరిగ్గా ఒకదానిమీద ఒకటి ఆనుతున్నాయి. కుట్టు పూర్తయ్యాక దారాన్ని పళ్ళతో తెంపడం నాకు ఎప్పుడూ రాదు. రొట్టెను కూడా పక్క పళ్ళతోనే కొరుకుతాను. అందరూ అలాగే చేస్తారనుకున్నాను. చిన్నప్పుడు క్లిప్పులు వేయించుకోలేదు. దీనికీ గదుమకూ సంబంధం ఉన్నదా?

జవాబు
పాలకొండల నీడ, కడప

సంబంధం ఉన్నది, అదే ముఖ్యమైన సంగతి కావచ్చు. మామూలుగా పై ముందుపళ్ళు కింది వాటికి కాస్త ముందుగా, వాటిని కొంత కప్పుతూ ఉంటాయి. అంచులు ఆనుతున్నాయంటే కింది దవడ మొత్తంగా ముందుకు పెరిగి ఉండవచ్చు, లేదా పై దవడ వెనకబడి ఉండవచ్చు, లేదా రెండూ కొంత కొంత కావచ్చు. పై దవడ వెనకబడినవారిలో బుగ్గలు, ముక్కు పక్కల భాగం చదునుగా ఉండి, సరైన కొలతలోనే ఉన్న గదుమ కూడా పొడుచుకు వచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి ముఖంలో గదుమను తగ్గిస్తే సరిగ్గా ఉన్న ఒక్క భాగాన్ని చెడగొట్టినట్టే అవుతుంది.

దీన్ని తేల్చేది లాటరల్ సెఫలోగ్రామ్ అనే పక్క ఎక్స్‌రే. తలను ఒక చట్రంలో నిలిపి తీస్తారు కనుక పుర్రె అడుగుభాగంతో పోల్చి పై దవడ, కింది దవడ, గదుమ కొస ఎక్కడెక్కడ ఉన్నాయో కోణాలు కొలిచి చెప్పవచ్చు. దానితోపాటు పళ్ళన్నీ, నరం దారి కనిపించే ఓ.పి.జి. అనే ఎక్స్‌రే కూడా కావాలి. కోత ఎక్కడ పెట్టాలో నిర్ణయించే దశలో, ఎముకను అన్ని వైపులనుంచీ చూపే సి.బి.సి.టి. స్కాన్ ఉపయోగపడుతుంది. మీకు ఇరవై ఆరేళ్ళు కాబట్టి దవడ పెరుగుదల ఆగిపోయి ఉంటుంది, అదొక వెసులుబాటు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడైతే ఏడాది తేడాతో రెండు ఎక్స్‌రేలు తీసి పోల్చిన తర్వాతే మాట్లాడేవాడిని.

ఎక్స్‌రేలో తేడా గదుమ కొసలోనే ఉన్నదని తేలితే జీనియోప్లాస్టీ ఒక్కటే సరిపోతుంది. దవడలోనే ఉన్నదని తేలితే మీకు రెండు దారులు ఉంటాయి. మొదటిది పూర్తి చికిత్స: సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు పళ్ళకు క్లిప్పులు వేసి, పళ్ళను వాటి వాటి ఎముకలో నిటారుగా నిలబెట్టి, ఆ తర్వాత పై దవడను ముందుకో, కింది దవడను వెనక్కో, లేదా రెండింటినీ జరిపి, అవసరమైతే అదే మత్తులో గదుమను కూడా సరిచేసి, చివర కొన్ని నెలలు మళ్ళీ క్లిప్పులతో ముగించడం. క్లిప్పులు వేసిన తొలి నెలల్లో ముందుపళ్ళ తేడా పెరిగి ముఖం మరింత తేడాగా కనిపిస్తుంది. ఇది ముందే తెలియక మధ్యలో మానేసినవారిని చూశాను. కింది దవడను రెండు వైపులా చీల్చి జరిపే శస్త్రచికిత్సలో తిమ్మిరి అవకాశం జీనియోప్లాస్టీ కంటే ఎక్కువ. పైగా కింది దవడను వెనక్కి తెస్తే నాలుక వెనకనున్న గాలిదారి ఇరుకవుతుంది. మీ చెల్లెలు చెప్పిన గురక మాటను అందుకే తేలికగా తీసుకోవద్దు, వైద్యుడితో తప్పక చెప్పండి. గురక ఉన్నవారికి పై దవడను ముందుకు తేవడం వైపు మేము మొగ్గుతాము.

రెండో దారి, పళ్ళను అలాగే ఉంచి, గదుమను మాత్రం తగ్గించి పైకి తేడా తెలియకుండా చేయడం. దీన్ని తప్పు అనను. కొరకడం, నమలడం మీకు పెద్ద ఇబ్బందిగా లేకపోతే, ఏడాదిన్నర క్లిప్పులతో ఉండే ఓపిక లేకపోతే, ఇది న్యాయమైన ఎంపికే. అయితే పక్క ముఖంలో మీరు చూస్తున్న తేడా సగమే తగ్గవచ్చు, మిగతా సగం దవడది కాబట్టి. ఒకసారి గదుమ చేయించుకున్నాక దవడకు చికిత్స చేయించుకోవాలనిపిస్తే లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి. నన్నడిగితే, దవడలోనే తేడా ఉన్నప్పుడు గదుమను ముందుగా ముట్టుకోను.

శస్త్రచికిత్స చేసేవారితోపాటు పళ్ళ వరుస సరిచేసే ఆర్థోడాంటిస్టు కూడా ఒకేసారి చూడడం మంచిది. దంతవైద్య కళాశాలలలో రెండు విభాగాలూ ఒకే ఆవరణలో ఉంటాయి. కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది, కర్నూలులో నంద్యాల రోడ్డు మీద పుల్లారెడ్డి దంతవైద్య కళాశాల ఉన్నది. మీరు ఇప్పటికే కలిసిన కర్నూలు వైద్యుడు ఎక్స్‌రేలు లేకుండా మాట ఇవ్వలేదు కాబట్టి, ఆయన దగ్గరికే తిరిగి వెళ్ళినా తప్పులేదు.

జవాబు
తుంగభద్ర ఇసుక, కర్నూలు

ఎక్స్‌రే తీయించుకునేటప్పుడు పళ్ళు కలిపి, పెదాలు వదులుగా ఉంచమంటారు. మనం ఫొటో అనుకొని పెదాలు బిగించి నిలబడతాము. బిగిస్తే గదుమ మాంసం ముడుచుకొని కొలత మారుతుందని నాకు రెండోసారి తీశారు. ఫిల్ముతోపాటు కంప్యూటరు ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి పంపితే దాని మీద కొలవడం కుదరదని హైదరాబాదులో తిప్పి పంపారు.